ప్లాట్‌ఫారం మీద షిఫ్టు అప్పగింత

సభకు నమస్కారం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలలో ఐటీఐ చదువుతున్న యువకులు ఎక్కువగా కనబడుతున్నారు కనుక, సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల మీద జరిగే పని గురించే మాట్లాడతాను. గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లే వారికి అక్కడి సంగతులు చెప్పే బంధువులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. సముద్రం మీది పనికి బయలుదేరే ఫిట్టరుకో, వెల్డరుకో అలా చెప్పేవారు దొరకడం కష్టం.

మన దేశంలో ఈ పనికి పెద్ద కేంద్రం ముంబయికి పడమరగా సుమారు 160 కిలోమీటర్ల దూరాన ఉన్న బాంబే హై అనే సముద్రపు చమురు క్షేత్రం. అక్కడ 1974లో సాగర్ సమ్రాట్ అనే రిగ్గు తవ్విన బావిలో చమురు బయటపడగా, 1976లో ఉత్పత్తి మొదలైంది. ఇటు కాకినాడకు ఎదురుగా ఉన్న కృష్ణా గోదావరి బేసిన్‌లో, తీరానికి దూరంగా లోతైన నీటిలో దొరికిన గ్యాస్ 2009 నుంచి ఒడ్డుకు చేరుతోంది. పని సాధారణంగా రోజుకు 12 గంటల షిఫ్టు. 14 రోజులు సముద్రం మీద, 14 రోజులు ఇంటివద్ద అన్నది ఎక్కువచోట్ల కనిపించే పద్ధతి. కాంట్రాక్టు కూలీలకు మాత్రం ఈ లెక్క అన్నిచోట్లా వర్తించదు.

పైపులు ఎత్తే క్రేను, బావిలో ఒత్తిడిని అణచి ఉంచే మడ్డు అనే బురదలాంటి ద్రవం, ఇవన్నీ అక్కడికి వెళ్లాక చూసి నేర్చుకోదగినవే. వెళ్లకముందే తెలిసి ఉండవలసినది పర్మిట్, అంటే పని మొదలుపెట్టేముందు తీసుకునే రాతపూర్వక అనుమతి, సంగతి. ఏ వాల్వు విప్పినా, ఎక్కడ వెల్డింగు చేసినా పర్మిట్ ఉండాలి. పని సగంలో ఆగితే, ఆ విషయం దిగిపోయే షిఫ్టు ఎక్కే షిఫ్టుకు అప్పగించాలి.

ఆ అప్పగింత తప్పితే ఏమవుతుందో 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా ప్లాట్‌ఫారం మీద తెలిసింది. పగటి షిఫ్టులో ఒక పంపుకు చెందిన సేఫ్టీ వాల్వును పరీక్ష కోసం విప్పి, ఖాళీ అయిన పైపు మూతికి తాత్కాలికంగా ఒక పళ్లెం బిగించారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోయినప్పుడు, వాల్వు లేదన్న సంగతి తెలియని సిబ్బంది మొదటి పంపును నడిపారు. ఆ పళ్లెం దగ్గర గ్యాస్ కారి పేలింది. నీటిలో డైవర్లు పనిచేస్తున్న వేళల్లో మంటలార్పే పంపులను మాన్యువల్‌లో, అంటే చేత్తో ఆన్ చేస్తేనే నడిచేలా, ఉంచడం అక్కడి అలవాటు కావడంతో, అవి వాటంతట అవి ఆన్ కాలేదు. 167 మంది మరణించారు. ఆదేశం కోసం బస గదుల్లో ఎదురుచూసినవారిలో చాలామంది పొగకే బలయ్యారు; బతికిన 61 మందిలో ఎక్కువమంది ఆదేశం కోసం ఆగకుండా కిందికి దిగినవారు, సముద్రంలోకి దూకినవారు.

మన బాంబే హైలో 2005 జూలై 27న జరిగిన ప్రమాదానికి మూలం వేరు. ఒక సహాయక నౌకలో వంటవాడికి చేతికి గాయమైంది. వర్షాకాలపు అలల్లో అతన్ని ప్లాట్‌ఫారం మీదికి చేర్చేందుకు దగ్గరగా వచ్చిన నౌక, గ్యాస్ మోసే రైజర్ గొట్టానికి తగలడంతో గ్యాస్ కారి మంటలు చెలరేగాయి. 22 మంది పోయారు, 362 మందిని కాపాడారు. కూరగాయలు తరిగేవాడి గాయం అంత దూరం వెళ్లగలదంటే, అక్కడ చిన్న పని అనేది ఉండదని నా అభిప్రాయం. ప్రభుత్వం 2008లో సముద్రపు చమురు పనుల భద్రతకు ప్రత్యేక నియమావళి తెచ్చింది.

ఇక మనవాళ్ల ఇబ్బంది ఒకటుంది. పర్మిట్ తరచు ఇంగ్లీషులోనే ఉంటుంది, పనికి ముందు జరిగే మీటింగు హిందీలో సాగుతుంది, మన కుర్రవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడి వచ్చినవాడు. అర్థం కాలేదంటే పని పోతుందన్న భయంతో తల ఊపుతాడు. అలా ఊపవద్దు. సంతకం పెట్టేముందు, ఈ లైనులో ఒత్తిడి పూర్తిగా దించారా, నిన్నటి షిఫ్టు ఏదైనా విప్పి వదిలిందా, అలారం మోగితే మనం గుమికూడవలసిన చోటు ఏది, అని సూపర్‌వైజరును వచ్చిన భాషలోనే అడగండి. జవాబు దొరికేవరకు పానా చేత పట్టవద్దు.