తూటాకు నంబరు వేస్తామంటే

శ్రోతలకు నమస్కారం.

మా పెదనాన్నకు ఒంటిగొట్టం తుపాకి ఉండేది. పంట కాపలాకని లైసెన్సు ఇచ్చారు. వేరుశనగ చేలో అడవి పందులు పడితే రాత్రిపూట గాల్లోకి ఒకటి పేల్చేవాడు, అంతే. తుపాకి కంటే ఆయన పదిలంగా చూసుకున్నది లైసెన్సు పుస్తకాన్ని. పాలిథిన్ కవర్లో చుట్టి, ట్రంకు పెట్టెలో పట్టుపంచె కింద దాచేవాడు. టౌనుకెళ్లి తూటాలు కొంటే, ఏ రోజున ఎన్ని కొన్నాడో షాపువాళ్లు ఆ పుస్తకంలో రాసి ముద్ర కొట్టి ఇచ్చేవాళ్లు. ఎన్నికలొస్తే తుపాకిని గోనెపట్టాలో చుట్టుకుని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి రావాలి. ఇదంతా ఆయనకు రేషన్ కార్డు వ్యవహారం లాంటిదే. సణుక్కున్నదల్లా పోను రాను బస్సు చార్జీలకే.

అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి కాబట్టి, తూటాలు ఎవరు కొంటున్నారో లెక్క రాయాలన్నందుకు అమెరికాలో తుపాకులున్నవాళ్లు అంత రభస చేశారని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. పేరు రాస్తే ఏం పోయింది అనుకున్నాను. వాళ్లు చెప్పేది విడివిడిగా విన్నాక ఆ నవ్వు కొంత తగ్గింది.

ముందు తూటా గురించి రెండు మాటలు. మనం తూటా అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, అందులో నాలుగు భాగాలున్నాయి. ఇత్తడి డొప్ప, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల పేలుడు మందు, మూతి దగ్గర సీసపు గుండు. పేలినప్పుడు గుండు ఒక్కటే ఎగిరిపోతుంది. డొప్ప షూటర్ కాళ్ల దగ్గరే పడుతుంది.

2005లో కాలిఫోర్నియాలో, ఆ తర్వాత 2008, 2009లలో పదికి పైగా రాష్ట్రాల్లో వచ్చిన బిల్లుల సారాంశం ఇది. ఫ్యాక్టరీలోనే గుండు అడుగునా, డొప్ప మీదా లేజర్‌తో ఒక నంబరు చెక్కాలి. ఒక పెట్టెలోని తూటాలన్నిటికీ ఒకే నంబరు, పక్క పెట్టెకు వేరే నంబరు. కొన్నవాడి పేరూ, ఆ నంబరూ కలిపి సర్కారు కంప్యూటర్లో ఎక్కించాలి. నేరం జరిగిన చోట గుండు దొరికితే నంబరు చూసి మనిషిని పట్టుకోవచ్చు. వినడానికి బాగుంది కదా? నాకూ బాగుందనిపించింది.

దీని మీద మొదట గగ్గోలు పెట్టింది, మనం అనుకున్నట్టు, తుపాకి ఉంచుకునే హక్కునిచ్చే అమెరికా రాజ్యాంగంలోని రెండో సవరణ పేరెత్తేవాళ్లే. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది మాత్రం వాళ్లు కాదు, తూటాలు ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు. అక్కడ లక్షల మందికి అదొక అలవాటు. షూటింగ్ రేంజ్‌లో కింద పడిన డొప్పల్ని ఏరుకుని సంచిలో వేసుకొస్తారు. గ్యారేజీలో బల్లకు బిగించిన చిన్న ప్రెస్ ఉంటుంది. కాలిపోయిన ప్రైమర్‌ను ఊడగొట్టి కొత్తది కూరుస్తారు. కంసాలి త్రాసు లాంటి చిన్న త్రాసులో మందు తూచి పోస్తారు. కొత్త గుండు పెట్టి మీట నొక్కితే తూటా సిద్ధం. మూతి దగ్గర పగులు వచ్చేదాకా అదే డొప్ప ఐదారుసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు పనికొస్తుంది.

ఇప్పుడు వాళ్ల ప్రశ్న వినండి. డొప్ప ఎవరో కొన్నది. గుండు ఇంకొకరు కొన్నది. రెండింటి మీదా వేర్వేరు నంబర్లు. పోలీసులు ఎవరింటి తలుపు తట్టాలి? రేంజ్‌లో నేను వదిలేసిన డొప్పల్ని ఏ దొంగో ఏరుకెళ్లి, తను నేరం చేసిన చోట చల్లిపోతే నా గతేమిటి? దీనికి ఆ బిల్లులు పెట్టినవాళ్ల దగ్గర సరైన జవాబు నాకు కనిపించలేదు.

డబ్బు లెక్క ఇంకో గొడవ. చాలా బిల్లుల్లో తూటాకు 5 సెంట్ల వరకు పన్ను వేస్తామన్నారు. పిల్లలకు గురి నేర్పడానికి వాడే చిన్న .22 తూటాలు 50 ఉన్న పెట్టె అప్పట్లో రెండు మూడు డాలర్లకు దొరికేది. దాని మీద పన్నే రెండున్నర డాలర్లు. అది చాలదన్నట్టు, ఇంట్లో ఉన్న నంబరు లేని పాత తూటాలన్నీ ఫలానా తేదీలోగా వదిలించుకోవాలట. తాతల నాటి పెట్టెలు అటక మీద దాచుకున్నవాళ్లకు ఒళ్లు మండకుండా ఉంటుందా? ఆ బిల్లుల్లో ఒక్కటి కూడా చట్టం కాలేదు.

వాళ్ల కోపానికి పాత అనుభవం కూడా తోడైంది. కెనడీ సోదరులు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యల తర్వాత 1968లో వచ్చిన చట్టం ప్రకారం తూటాలు అమ్మే ప్రతి షాపూ కొన్నవాడి పేరు రిజిస్టర్లో రాయాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి రాశారు. రిజిస్టర్లు పేరుకుపోయాయి. వాటివల్ల పెద్ద ప్రయోజనం లేదని ఆ పని చూసే ప్రభుత్వ శాఖే ఒప్పుకుంది. 1982లో .22 తూటాలను మినహాయించారు. 1986లో మొత్తం ఎత్తేశారు. మేరీలాండ్ రాష్ట్రం కథ మరీ విచిత్రం. ఏ తుపాకి అయినా డొప్ప మీద తన గుర్తు వదులుతుందన్నది అక్కడివాళ్ల నమ్మకం. 2000లో వచ్చిన చట్టంతో, కొత్త చేతి తుపాకి ఏది అమ్మినా అందులోంచి పేల్చిన ఒక డొప్పను కవర్లో పెట్టి పోలీసులకు పంపాలన్నారు. 15 ఏళ్లలో మూడు లక్షలకు పైగా కవర్లతో గదులు నిండాయి. 50 లక్షల డాలర్ల దాకా ఖర్చయింది. దానితో పెద్దగా తేలిన కేసులేమీ లేవు. 2015లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

నంబర్ల ఆలోచన అలా మూలపడింది. కాలిఫోర్నియా మాత్రం వేరే దారి పట్టింది. తూటా మీద ఏమీ రాయక్కర్లేదు, కొనేవాణ్ణి చూసుకుంటే చాలంది. 2016 నవంబరులో జనం ముందు ఓటుకు పెడితే నూటికి 63 మంది సరే అన్నారు. 2019 జూలై 1 నుంచి తూటాలు కొన్న ప్రతిసారీ కొనేవాడి పేరును కంప్యూటర్లో సర్కారు రికార్డులతో పోల్చి పరీక్షించడం మొదలైంది. మొదట్లో ఫీజు ఒక డాలరే. చిక్కు ఫీజుతో రాలేదు. ఇల్లు మారితే పాత చిరునామా, పేరులో ఒక అక్షరం తేడా, అంతే, కంప్యూటర్ కాదు పొమ్మంది. మన ఇంటిపేరు ముందుంటుందో వెనకుంటుందో తేలక విమానాశ్రయంలో నిలబడిపోయినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. మొదటి ఏడు నెలల్లో లక్షకు పైగా తిరస్కరణలు జరిగితే, చట్టప్రకారం నిజంగా కొనకూడనివాళ్లు అందులో వెయ్యి మంది కూడా లేరు.

దీని మీద కోర్టుకెక్కినవాళ్లలో ముందున్న పేరు కిమ్ రోడ్. 1996 నుంచి 2016 దాకా వరుసగా ఆరు ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన షూటర్ ఆమె. ప్రాక్టీసుకు తూటాలు కుప్పలుగా కావాలి. పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకుందామంటే అదీ కుదరదు, స్థానిక డీలరు ద్వారానే రావాలి. కింది కోర్టు జడ్జి 2020లో ఒకసారి, 2024లో మరోసారి ఈ చట్టం చెల్లదన్నాడు. 2025 జూలైలో అప్పీలు కోర్టు బెంచిలో ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అదే అన్నారు. అక్కడితో తెగే కేసులా లేదు.

ఇంతవరకు విని, తుపాకివాళ్ల వాదనే గెలిచిందని నేను అంటున్నానని అనుకోకండి. లాస్ ఏంజిలిస్‌లో ఆ నగరం సొంత నిబంధన ప్రకారం షాపులు రాసిన తూటాల రిజిస్టర్లను పరిశోధకులు తీసి చూశారు. 2004లో రెండు నెలల పుస్తకాలు. కొన్నవాళ్లలో నూటికి 2.6 మంది తూటా ముట్టుకోకూడని నేరచరిత్ర ఉన్నవాళ్లు. రెండు నెలల్లో వాళ్లు పట్టుకెళ్లినవి పదివేల తూటాలు. దర్జాగా షాపుకొచ్చి, పేరు రాయించి, వేలిముద్ర వేసి మరీ కొన్నారు! ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవరని వాళ్లకెంత నమ్మకమో చూడండి. పేరు రాయడం దండగ అనేవాళ్లకు ఈ రెండు నెలల పుస్తకాలే జవాబు.

ఇక పేరు రాస్తే రేపు తుపాకి లాక్కుంటారన్న భయం. కారుకు నంబరుందని ఎవరూ కారు లాక్కోలేదు కదా అంటే, కారు హక్కు రాజ్యాంగంలో లేదంటారు. ఆ వాదనకు అంతు లేదు, నన్ను అది ఒప్పించనూ లేదు. డొప్పలు ఏరుకునేవాడి ప్రశ్న మాత్రం ఇప్పటికీ నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మా పెదనాన్న కూడా పేల్చిన తూటాల డొప్పల్ని హార్లిక్స్ సీసాలో దాచేవాడు. లైసెన్సు రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు ఎప్పుడైనా లెక్క అడుగుతారేమోనని. ఏ సంవత్సరం డొప్పలు ఎన్నో చీటీ రాసి లోపల వేసేవాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ సీసా మూత తీయమని అడిగినవాళ్లు లేరు. వేసవి సెలవుల్లో మేమే దొంగతనంగా తీసేవాళ్లం. డొప్ప మూతి కింది పెదవికి ఆనించి ఊదితే గుడ్లగూబ అరిచినట్టు మోగేది.