శిక్ష అంటే చదువు: నలుపు తెలుపు టీవీ ముందు ఒక ఆదివారం

సభకు నమస్కారం.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది 1987 తొలి నెలల్లో, కర్నూలు పాత ఊరిలోని మా మిద్దె ఇంట్లో గడిచిన ఒక ఆదివారం గురించి. మా వీధి మొత్తానికి అప్పుడున్నది ఒకే టీవీ, అది కూడా నలుపు తెలుపుదే. చెక్క తలుపుల పెట్టె, దాని మీద మా అమ్మ కుట్టిన పూల గుడ్డ, పక్కన గుర్రుమనే స్టెబిలైజర్. రంగుల ప్రసారాలు 1982లోనే మొదలైనా మా ఇంటి రంగు మాత్రం తెరకు అడ్డంగా తగిలించిన నీలం ప్లాస్టిక్ రేకు ఒక్కటే. ఆ రేకులో ఆకాశం బాగానే ఉండేది కానీ మనుషులు కూడా నీలంగానే కనిపించేవారు. రాముడి విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ముందుగా భాష సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆనాటి టీవీ చూడటంలో అసలు కష్టం అక్కడే ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు సాగిన ‘సైట్’ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో టీవీలు పెట్టినప్పుడు, మన పల్లెలకు ఉపగ్రహం తెలుగులోనే మాట్లాడింది. పదేళ్లు దాటాక పట్నంలో ఉన్న మాకు మాత్రం ఎక్కువగా ఢిల్లీయే దిక్కయింది. 1983లో ప్రయోగించిన ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ద్వారా వచ్చే ఢిల్లీ కార్యక్రమాలను జిల్లా పట్టణాల్లోని తక్కువ శక్తి ప్రసార కేంద్రాలు అందుకుని చుట్టుపక్కలకు తిరిగి పంపేవి. హైదరాబాదులో 1983 నవంబరు 14 నుంచి శాంతి స్వరూప్ గారు తెలుగులో వార్తలు చదువుతున్నారని మాకు తెలుసు. అయినా మా ఆదివారం హిందీతోనే తెల్లవారేది.

ఆ ఉదయం ఉగ్గాని, బజ్జీలు తొందరగా ముగించి మా చిన్నాన్న మిద్దె ఎక్కాడు. యాంటెన్నా గొట్టాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని ఆయన పైనుంచి అడగడం, కిటికీ దగ్గర నేను ఆ ప్రశ్నను లోపలికి, లోపలి జవాబును పైకి అందించడం వారం వారం జరిగే తంతే. తెర మీద బొమ్మ 625 అడ్డగీతలతో ఏర్పడుతుందని నాకు చాలా కాలానికి గానీ తెలియలేదు. బొమ్మ కింది నుంచి పైకి జారిపోతూ ఉంటే పెట్టె వెనుకనున్న చిన్న మరను తిప్పాలని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కొక్కసారి పెట్టె నెత్తిన అరచేత్తో కొట్టినా పని జరిగేది.

తొమ్మిదిన్నరకు రామానంద్ సాగర్ రామాయణం మొదలయ్యేసరికి నడిమింట్లో చాపల మీద కాలు పెట్టే చోటు లేదు. ముందు వరుసలో మా అవ్వ, ఆమె పక్కన గోడ అవతలి ఇంటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని. ఖాలా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కనుక వీధికంతటికీ హిందీ చెప్పే బాధ్యత ఆమెదే అయింది. అయితే ఆ ధారావాహికలోని హిందీ బజారులో వినిపించే హిందీ కాదు. ఆజ్ఞ, మర్యాద, వనవాసం వంటి సంస్కృత పదాలు వరుసగా వచ్చేసరికి ఖాలా ఆగిపోయేది, అక్కడ అవ్వ అందుకునేది. వాక్యం చివరి క్రియ ఖాలాకు తెలుసు, మధ్యలోని నామవాచకం అవ్వకు తెలుసు. బడి ముఖం చూడని ఇద్దరు ఆడవాళ్లు సగం సగం పంచుకుని చేసిన ఆ అనువాదంతోనే మా వీధి రామాయణం చూసింది. కథ ముందే తెలుసు కదా, అనువాదం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కథ తెలిసిన వాళ్లకే ఎవరు ఏ మాట అన్నారో వినాలనే ఆశ ఎక్కువగా ఉంటుంది.

ఆ వారం రాజకుమారులు గురుకులానికి బయలుదేరారు. తెరలో ఎవరో ‘శిక్షా’ అన్నారు. అవ్వ ఉలిక్కిపడి, ‘పసిబిడ్డలు ఏం తప్పు చేసినారని శిక్ష?’ అంది.

‘చదువు అవ్వా, చదువు. శిక్షా అంటే వాళ్లకు చదువు,’ అంది ఖాలా.

అవ్వ కాసేపు ఆలోచించి, నా వైపు చూసి, ‘వీణ్ణడిగితే రెండూ ఒకటే అంటాడులే,’ అంది. అందరూ నవ్వుతుండగానే కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి చివరి పేర్లు నడుస్తున్నాయి.

మధ్యాహ్నం గురించి చెప్పవలసింది తక్కువ. ఆ వేళ ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది. తెలుగు వంతు కోసం వారాల తరబడి ఎదురుచూసేవాళ్లం, ఈలోగా వచ్చిన భాషను వచ్చినట్టు చూసేవాళ్లం. సాయంత్రం హిందీ సినిమా వేళకు బొమ్మ మీద ఈగలు ముసిరినట్టు చుక్కలు కమ్మడంతో చిన్నాన్న మళ్లీ మిద్దె ఎక్కాడు. ఈ సినిమా మాటలు ఖాలాకు పూర్తిగా అర్థమయ్యేవి. అవ్వకు పనిలేకపోవడంతో ఆమె గోడకు ఆనుకుని కునుకు తీసింది.

1990 జూన్‌లో మహాభారతం ముగిసేనాటికి ఖాలా వాళ్లింట్లో కలర్ టీవీ వెలిసింది. రమ్మని ఖాలా ఎన్నిసార్లు పిలిచినా, మోకాళ్ల నొప్పులతో అవ్వ గడప దాటలేకపోయింది. మా పాత పెట్టె ముందే కూర్చుని, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఖాలాను అడిగి రమ్మని నన్ను పెరటి గోడ దగ్గరికి తరిమేది. నేను అర్థం తెలుసుకుని తిరిగి వచ్చేలోగా తెర మీద వేరే ఎవరో మాట్లాడుతూ ఉండేవారు.