నవ్విన ఇరవై మంది సంగతేమిటి?

అందరికీ నమస్కారం. టి.నగర్ రద్దీలో బండి పెట్టడానికి చోటు వెతుక్కుని మరీ వచ్చారు, కాబట్టి సూటిగా మాట్లాడతాను.

చెన్నై బళ్ళలో మన తెలుగు పిల్లల్ని ‘గొల్టి’ (తెలుగువాళ్ళను వెక్కిరించే మాట) అని ఏడిపించడం మీకు తెలిసిందే. 2006 చట్టంతో తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి అయింది. తెలుగింటి పిల్లవాడు లేచి తమిళ పాఠం చదువుతుంటే ‘వాళప్పళం’ (అరటిపండు) దగ్గర నాలుక తడబడుతుంది. (ఆ మాట చాలామంది తమిళ పిల్లలకే సరిగ్గా పలకదు, అది వేరే సంగతి.) ఒకడు వెక్కిరిస్తాడు, ఇరవై మంది నవ్వుతారు. ఒక్కరోజైతే అల్లరి అనుకోవచ్చు. కావాలని బాధపెట్టడం, మళ్ళీ మళ్ళీ చేయడం, అవతలివాడు ఎదురు తిరగలేకపోవడం, ఈ మూడూ కలిస్తే అది వేధింపు అన్నాడు నార్వే పరిశోధకుడు డాన్ ఓల్వేయస్.

అప్పుడు బడి ఏం చేస్తుంది? ఇద్దర్నీ హెడ్‌మాస్టర్ గదికి పిలిచి ‘సారీ చెప్పు, చేతులు కలపండి’ అంటుంది. సాయంత్రం వ్యాన్‌లో ఆ తెలుగు పిల్లవాడికి వడ్డీతో సహా ముడుతుంది. నవ్విన ఇరవై మందిని మాత్రం ఎవరూ పిలవరు. నన్నడిగితే అసలు పని వాళ్ళతోనే. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లో ఇదే గమనించింది. చుట్టూ ఉన్న పిల్లలు నాలుగు రకాలు: వేధించేవాడికి తోడుగా చేయి వేసేవాళ్ళు, నవ్వి ఎగదోసేవాళ్ళు, పక్కకు తప్పుకునేవాళ్ళు, బాధపడేవాడికి అండగా నిలిచేవాళ్ళు. తుర్కు విశ్వవిద్యాలయంలో తయారైన ‘కివా’ అనే వేధింపుల నివారణ కార్యక్రమం ఈ చూసేవాళ్ళ మీదే గురిపెట్టింది. పిల్లలు హీరోలు కానక్కర్లేదు. నవ్వకుండా ఉండి, లంచ్ బాక్స్ పట్టుకెళ్ళి వాడి పక్కన కూర్చుని, టీచరుకు ఓ మాట చెబితే చాలు.

చెప్పడమంటేనే భయం. 2023 ఆగస్టులో తమిళనాడులోని నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి వేధింపుల గురించి బడికి చెప్పాక, తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్ళతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెల్నీ వదల్లేదు. బళ్ళలో కులవివక్షపై రాష్ట్ర ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ చంద్రు కమిటీ వేసింది ఆ తర్వాతే. 2024 జూన్‌లో నివేదిక వచ్చింది. చెప్పిన బిడ్డకు కాపలా లేకపోతే ‘ధైర్యంగా చెప్పు’ అనే హక్కు మనకు లేదు.

ఇంకోటి. మనవాళ్ళు ఎప్పుడూ పడేవాళ్ళే అనుకోకండి. రంగు, కులం, హిందీ యాస మీద మన డైనింగ్ టేబుల్ దగ్గర పేలే జోకులే మర్నాడు క్లాసులో పేలతాయి. టీచర్లు పెట్టే వెక్కిరింపు పేర్లూ అంతే. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది.

ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కుల కంటే ముందు ఇది అడగండి: ‘మా వాడు ఫిర్యాదు చేస్తే వాడి పేరు ఎవరెవరికి తెలుస్తుంది? వారం తర్వాత వాణ్ణి ఎవరు పలకరిస్తారు?’ బడి నుంచి జవాబు రాకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది.