అద్దం ఊడొద్దంటే: చిన్నమ్మతో కుట్టు ముచ్చట

నేను: నమస్తే అందరికి. ఇయ్యాల నల్లగొండల మా ఇంట్ల కూసొని మాట్లాడుతున్నం. పక్కన మా చిన్నమ్మ ఉంది, దేవరకొండ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. బట్ట బిగించే కుట్టు రింగు, సూది, దారం అన్నీ తెచ్చుకుంది. మీరు మధ్య మధ్యల టక్ టక్ అని వింటే అది బట్ట మీద కుట్టిన అద్దాన్ని చిన్నమ్మ గోరుతోని కొట్టి చూస్తున్న చప్పుడు.

చిన్నమ్మ: కొట్టి చూస్తేనే తెలుస్తది బిడ్డా, గట్టిగున్నదో లేదో.

నేను: ఆడికే వద్దాం చిన్నమ్మా. ఒక చెల్లె అడిగింది. కుర్తా మెడకు పన్నెండు అద్దాలు కుట్టిందంట, రెండుసార్లు ఉతికేసరికి అయిదు ఊడినయట. మిగిలినవి ఫెవికాల్ పెట్టి అంటించమంటరా అని.

చిన్నమ్మ: వద్దు. గమ్ముతోని అంటించినది కుట్టు కాదు. గమ్ము గట్టిపడ్డంక దాంట్లకెల్లి సూది దిగదు, బట్ట కూడా ఆడ అట్ట లెక్క బిగుసుకుంటది. అద్దాన్ని పట్టుకునేది దారం. దారంతోని కట్టిన చట్రం మంచిగుంటే ఏ గమ్ము అక్కర లేదు.

నేను: చట్రం అంటే?

చిన్నమ్మ: చెప్త. నాకు ఇది నేర్పింది మా ఇంటి దిక్కు తండ నుంచి వచ్చే లంబాడోళ్ల అవ్వ. ఆమె కాంచళి మీద, అంటే రవిక మీద, ఫేట్యా మీద, అంటే లంగా మీద ఎన్ని అద్దాలో! గీత గీసేది లేదు, రింగు పెట్టేది లేదు, మోకాలి మీద బట్ట పరుచుకొని కుట్టేది. నేను పక్కన కూసొని చూసేదాన్ని. ఒకనాడు నా చేతిల పెట్టి, నువ్వు కుట్టు అన్నది. మొదటి అద్దం ఆమె చూసి, ఏం అనకుండ విప్పేసింది. రెండోది కూడా విప్పింది. మూడోదానికి తల ఊపింది.

నేను: మొదటి రెండు ఎందుకు విప్పింది?

చిన్నమ్మ: గదే అసలు సంగతి. ఆ కుర్తా చెల్లె చేసిన తప్పు కూడా అదే అయ్యి ఉంటది. చూడు. అద్దాన్ని బట్ట మీద పెట్టి ఎడమ బొటనవేలితోని ఒత్తి పట్టుకోవాలె. సూది కిందికెల్లి అద్దం అంచు పక్కనే పైకి రావాలె. దారం అద్దం మీదికెల్లి నేరుగ పోయి అవతలి అంచుకాడ దిగాలె. అది ఒక గీత. దానికి జోడు ఇంకో గీత. ఈ రెండు ఎక్కడ పడాలె? నేను అంచుకు దగ్గర దగ్గర వేసిన. చూస్తే అందంగ కనవడ్డది, అద్దం మొత్తం కనవడ్తది కదా అని. అదే తప్పు. అద్దాన్ని మనసుల మూడు పాళ్లు చేసుకొని ఆ పాళ్ల గీతల మీద వెయ్యాలె, లోపలికి.

నేను: లోపలికి వేస్తే అద్దం మూసుకుపోదా?

చిన్నమ్మ: పోదు. ఇగ అడ్డం తిప్పి ఇంకో రెండు గీతలు. నిలువు దారం తగిలిన కాడల్లా దాని చుట్టు ఒక చుట్టు చుట్టి ముందుకు పోవాలె, లేకుంటే అడ్డం దారాలు జారుతయి. ఇప్పుడు నడుమ చిన్న చదరం కిటికీ వచ్చింది చూసినవా. సూది ఆ కిటికీలకు దించి, చట్రం దారాల కిందికెల్లి బయటికి తీసి, సూది కింద దారం పడేటట్టు చేసి గుంజాలె. తర్వాత అంచు పక్కన బట్టల బియ్యపు గింజంత పట్టు పట్టి, దారం మళ్ల సూది కింద పెట్టి గుంజాలె. ఒకసారి చట్రం, ఒకసారి బట్ట. గుంజినప్పుడల్లా చట్రం బయటికి జరుగుతది. చదరం కిటికీ మెల్లగ గుండ్రటి కిటికీ అయితది. అందుకే ముందు లోపలికి వెయ్యమన్న. అంచుకే వేస్తే, గుంజేసరికి దారం అద్దం దాటి పోతది, ఇగ అద్దం ఆడ నిలవదు.

నేను: అయ్యో, నేను కూడా ఇన్నాళ్లు అంచుకే వేసిన.

చిన్నమ్మ: అందరం గట్లనే మొదలుపెడ్తం. ఇంకొకటి, చట్రం దారాలు బిగువుగ ఉండాలె. ఆ నాలుగు గీతలు అయిపోయినంక బట్టను తలకిందులు చేసి ఒకసారి ఊపు. అద్దం కదిలితే అప్పుడే విప్పు. అంచు కుట్టినంక విప్పుడంటే ఏడుపు వస్తది.

నేను: అద్దం కొనేటప్పుడు?

చిన్నమ్మ: అంచు చూడాలె. గాజు అద్దాల అంచు కరుకుగ ఉంటే నెల తిరగకముందే దారం తెగుతది. వేలు పెట్టి చూడొద్దు, కోసుకుంటది. ఒక దారం పోగు అంచు చుట్టు జార్చి చూడు, దారం ఆడ చిక్కుకుంటే ఆ అద్దం వద్దు. ప్లాస్టిక్ అద్దాలు తేలికగ ఉంటయి, పగలవు, పిల్లల బట్టలకు అవే మంచివి. కాకపోతే గీతలు పడి తొందరగ మసకబారుతయి.

నేను: దారం సంగతి చెప్పు. ఆ యాంకర్ కంపెనీ కుట్టు దారం ఆరు పోగులది కదా.

చిన్నమ్మ: ఆరు పోగులు, కట్టకు 8 మీటర్లు. మూరెడు కంటే ఎక్కువ తెంపొద్దు. ఎక్కువైతే బట్టలకెల్లి వచ్చి పొయ్యి నూగు లేస్తది, మెరుపు పోతది. మూరెడు లెక్కన ఒక కట్టకు పదిహేడు ముక్కలు అయితయి. అద్దానికి నేను మూడు పోగులు వాడ్త, అంటే ఒక ముక్క రెండు సూదులకు సరిపోతది. పోగులు విడదీసేటప్పుడు మూడు ఒకటేసారి గుంజితే కొస దాకా ముడులు పడ్తయి. ఒక్కో పోగు పైకి గుంజి, మళ్ల మూడు కలుపుకోవాలె. అట్ల కలిపిన దారం మెత్తగ పరుచుకుంటది.

నేను: సూది?

చిన్నమ్మ: మూడు పోగులకు 7 నంబరు. పొడుగు బెజ్జం ఉన్నది అడుగు. నంబరు పెరిగిన కొద్ది సూది సన్నగ అయితది, అది మర్చిపోవద్దు.

నేను: నువ్వు ఒకసారి ఎర్ర దారంతోని...

చిన్నమ్మ: అది ఇప్పటికీ మనసుల ఉన్నది. మా చెల్లె గృహప్రవేశానికి తెల్ల దిండు గలీబులు నాలుగు కుట్టిన. నెల పట్టింది. రాత్రి సబ్బు నీళ్లల్ల నానేసి పండుకున్న. పొద్దుగాల లేసి చూస్తే నాలుగు గులాబి రంగుల ఉన్నయి. ఎర్ర దారం రంగు కారింది. అప్పటి నుంచి ఎర్ర, మెరూన్, నీలం ఏది కొన్నా ముందు ఒక ముక్క తడిపి, తెల్ల బట్ట నడుమ పెట్టి ఒత్తి చూస్త. మరక పడితే కట్ట మొత్తం చల్ల నీళ్లల్ల జాడించి, నీళ్లు తేటగ వచ్చేదాకా విడువ. ఒకవేళ కుట్టినంక కారిందనుకో, ఎండనియ్యొద్దు. తడి మీదనే చల్ల నీళ్లల్ల మళ్ల మళ్ల జాడించాలె. ఎండితే ఆ మరక ఇగ పోదు.

నేను: బట్ట కూడా ముందు ఉతకాలె కదా?

చిన్నమ్మ: చేనేత నూలు బట్ట అయితే తప్పకుండ. గంజి పోవాలె, గుంజుకునేది ముందే గుంజుకోవాలె. లేకుంటే కుట్టినంక బట్ట ముడుచుకుంటది, కుట్టు ముడుచుకోదు, అద్దాల చుట్టు ముడుతలు వస్తయి.

నేను: పోచంపల్లి జాకెట్ ముక్క మీద అద్దాలు వెయ్యొచ్చా అని ఇంకొకరు అడిగిన్రు.

చిన్నమ్మ: నాకైతే మనసు ఒప్పదు. ఆ డిజైన్ నెయ్యకముందే పోగులను కట్టి రంగులు అద్దినది, దాన్నే ఇక్కత్ అంటరు. 2005లనే దానికి జీఐ, అంటే ఆ ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు వచ్చింది. అంచుల ఆ మసక చూస్తేనే అది ఇక్కత్ అని తెలుస్తది. దాని మీద అద్దం పెడితే రెండూ కొట్లాడుకుంటయి. చేతుల అంచుకు, సాదా పట్టీ ఉన్న కాడ వేసుకో. నారాయణపేట గళ్ల చీర పాతది ఉంటే మాత్రం నాకు ఇయ్యండి! ఆ గళ్లే మనకు కొలబద్ద. గీత గియ్యాల్సిన పని లేదు, గడి విడిచి గడిల అద్దం పెట్టుకుంట పోతే వరుస తప్పదు. నేను మొన్న సంచి కుట్టింది దాంతోనే.

నేను: ఆ సంచి నా దగ్గర్నే ఉంది, ఇయ్యను. చిన్నమ్మా, అద్దాలు కాకుండ కొత్తగ మొదలుపెట్టేటోళ్లకు ఒకటి చెప్పు.

చిన్నమ్మ: బతుకమ్మ కుట్టమంట. ఆరు అంగుళాల రింగు, తెల్ల నూలు బట్ట. బట్ట డప్పు లెక్క బిగియ్యాలె. పెన్సిల్‌తోని గుండ్రం గుండ్రంగ వరుసలు గీసుకో, పైనుంచి చూస్తే బతుకమ్మ ఎట్ల కనవడ్తదో అట్ల. బయటి వరుస తంగేడు. పసుపు పచ్చ దారంతోని అయిదు రెక్కలు, లేజీ డైజీ కుట్టు, అంటే గొలుసు కుట్టుల ఒక్క కొక్కెం వేసి దాని కొసను చిన్న కుట్టుతోని పట్టేసుడు. లోపల బంతి. నారింజ రంగు ఫ్రెంచ్ ముడులు, అంటే సూదికి దారం చుట్టి వేసే చుక్కల లెక్క ముడులు, దగ్గర దగ్గర, నడుమ బట్ట కనవడొద్దు.

నేను: గునుగు?

చిన్నమ్మ: గునుగుకు చేయి తిరగాలె. గునుగు పువ్వు మొదలుకాడ తెల్లగ, కొసకు గులాబిగ ఉంటది కదా. ఒక తెల్ల పోగు, ఒక లేత గులాబి పోగు కలిపి సూదిల ఎక్కించుకో. బులియన్ ముడి వెయ్యాలె. సూదిని బట్టల గునుగు పొడుగంత పట్టు పట్టి, బయటికి వచ్చిన సూది మొన చుట్టు దారం తొమ్మిది చుట్లు చుట్టు. వేలితోని చుట్లు ఒత్తి పట్టుకొని సూదిని మెల్లగ గుంజు. చుట్లు బిగుసుకుంటే సూది రాదు, వదులైతే పురుగు లెక్క వంకర పోతది. రెండు రంగులు కలిసిన దారం కాబట్టి ఒక్కో ముడి ఒక్కో తీరుగ పడ్తది. నిజం గునుగు కూడా అంతే కదా, ఒక్కటి లెక్క ఒక్కటి ఉండదు.

నేను: నేను కుట్టిన గునుగు మొన్న మొత్తం విడిపోయింది.

చిన్నమ్మ: సూది మార్చు. బెజ్జం కాడ లావుగ ఉన్న సూది చుట్లల్లకెల్లి రాదు. మొదలు నుంచి కొస దాకా ఒకే లావు ఉన్న సూది దొరుకుతది, మిల్లినర్ సూది అని అడుగు. తే, ఆ రింగు ఇటియ్యి. నీ చేతితోనే ఒకటి వేయిస్త. బొటనవేలు ఆడ కాదు, ఇంకొంచెం కిందికి.

నేను: గిట్లనా?

చిన్నమ్మ: ఆ. ఇప్పుడు గుంజు, మెల్లగ.