కొల్హాపురి చెప్పు రంగు తిరిగితే కంగారు పడకండి

[దృశ్యం: కొత్త జత, పక్కనే ఏళ్లుగా వాడిన జత]

నమస్కారం. సోలాపూర్‌లో మన తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న తూర్పు పేటల్లో చాలామంది అడిగే మాట ఇది: "లేత రంగు చూసి కొన్నాను, ఏడాదికే నల్లబడింది. నాసిరకం అంటగట్టారా?" కాదు. అది మంచి తోలు చేసే పనే.

పేరు కొల్హాపూర్‌దే అయినా, ఈ చెప్పులకు 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపులో, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే జీఐ ట్యాగ్‌లో, సోలాపూర్ జిల్లా కూడా ఉంది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు.

[దృశ్యం: తుమ్మచెక్క, కరక్కాయలు]

సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసిన తోలును తుమ్మచెక్క, కరక్కాయ రసంలో వారాల తరబడి ఊరబెడతారు. కరక్కాయ నమిలితే నాలుక పట్టేస్తుంది కదా, ఆ వగరే టానిన్. నోట్లో లాలాజలపు ప్రోటీన్లను పట్టుకున్నట్టే, తోలులోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులను పట్టుకుని కుళ్లకుండా కాపాడుతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ ఆ టానినే ముదురుతుంది. పాదాల జిడ్డు దానికి తోడవుతుంది.

[దృశ్యం: పట్టీ మీది జడ అల్లిక, బాగా దగ్గరగా]

ఈ పాత జత అల్లికను కాస్త విడదీస్తున్నాను. పాయ మీద పాయ పడిన చోట, వెలుగు సోకని తోలు ఇంకా లేత గోధుమ రంగులోనే ఉంది. పైభాగం కాఫీ గింజ రంగుకు తిరిగింది. అడుగున బొటనవేలు, మడమ దిగిన గుంటలు చూడండి. ఈ జత ఇక ఇంకొకరి కాలికి కుదరదు. నాకు ఇంత నచ్చే వస్తువులు తక్కువ.

క్రోమియం లవణాలతో పదును చేసే తోలు ఒక్కరోజులో సిద్ధమవుతుంది, తడికీ బాగా ఓర్చుకుంటుంది. కానీ ఇలా రంగు తిరగదు. పైన పూత వేసి ఉంటే, కాలం గడిచేకొద్దీ పెచ్చులు ఊడుతుంది.

ముదరడం వేరు, పగలడం వేరు. మన సోలాపూర్ ఎండలో గుమ్మం బయట వదిలేస్తే తోలులోని నూనె ఆరిపోతుంది, వంగిన చోటల్లా పోగులు తెగుతాయి. అప్పుడప్పుడు గుడ్డతో ఆముదం పలుచగా రాయండి. ఎక్కువైతే తోలు సాగిపోతుంది. వానలో తడిస్తే పొయ్యి దగ్గర పెట్టకండి, నీడన ఆరనివ్వండి.

[దృశ్యం: అడుగు పొరల అంచు, సన్నటి తోలు పట్టీతో వేసిన కుట్టు]

సంప్రదాయ జతలో మేకులు ఉండవు, అంతా కుట్టే. అందుకే అడుగు అరిగినా పారేయకండి. చేయి తిరిగిన పనివాడి దగ్గర కొత్త పొర కుట్టించుకోండి, పై పట్టీలు మాత్రం మార్చవద్దని చెప్పండి.