విప్పడానికి వీలుగా కుట్టాలి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా నల్లగొండలో చేసిన ప్రసంగ పాఠం)

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా జరిగే ఈ సభల్లో పుస్తకాలు చదవమని చెప్పేవాళ్లే ఎక్కువ. నన్ను మాత్రం పుస్తకాలు కుట్టడం గురించి మాట్లాడమన్నారు. నేను వృత్తి బైండర్ని కాను. ఆదివారం పూట సరదాకి చేసుకునేవాణ్ణి. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నా మాటల్లో సగం తీరిక ఉన్నవాడి మాటలు. జూన్‌లో బడులు తెరిచే ముందు నోటుబుక్కులు గుట్టగా ముందేసుకుని కూర్చునే మనిషికి ఇవి చెప్పే ధైర్యం నాకు లేదు.

చిరిగిన పుస్తకాన్ని బైండింగుకి ఇస్తే మామూలుగా ఏం చేస్తారు? పాత అట్ట పీకేస్తారు. వెన్నుకి కొంచెం లోపలగా, పై కాగితం నుంచి కింది కాగితం దాకా బెజ్జాలు కొట్టి దారంతో బిగిస్తారు. మూడు వైపులా కటింగ్ మిషన్ మీద కోస్తారు. వెన్నుకి క్యాలికో గుడ్డ, అట్టకి రంగు కాగితం. గట్టిగానే ఉంటుంది, ఎంతమంది చేతులు మారినా ఊడదు. కాకపోతే తెరుచుకోదు. చదువుతున్నంతసేపూ రెండు చేతులతో నొక్కి పట్టుకోవాలి. వెన్ను వైపు మార్జిన్ కుట్టు మింగేస్తుంది. కొన్నేళ్లకి మళ్లీ బైండింగుకి ఇస్తే మళ్లీ బెజ్జాలు, మళ్లీ కోత. మూడోసారికి అక్షరాల మీదికొస్తుంది.

ఈ ఊళ్లో ఈ సంగతి చెప్పడానికి ఒక కారణం ఉంది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇక్కడి నుంచే ‘నీలగిరి’ పత్రిక నడిపారు. పాలమూరు సీమవాడైన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో హైదరాబాదులో ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. ఏ పత్రికైనా సంచికలన్నీ కలిపి బైండు చేసి దాచినచోటే ఎక్కువగా మిగులుతుంది. అలా దాచిన పాత సంపుటాలు తిరగేసినవాళ్లకి తెలుసు, వెన్ను పక్కనున్న కాలమ్‌లో ప్రతి వరసలోనూ చివరి అక్షరమో మొదటి అక్షరమో కుట్టులోకి పోయి ఉంటుంది. స్కాన్ చేయాలన్నా అదే ఇబ్బంది. దాచిపెట్టింది బైండింగే, కనపడకుండా చేసిందీ బైండింగే. కాబట్టి ఇంట్లో సరదాకి ఈ పని నేర్చుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: రేపు ఇంకొకరు విప్పి మళ్లీ కుట్టుకునేందుకు వీలుగా కట్టండి. తాటాకు పుస్తకాలు చూడండి. ఆకులకి బెజ్జాలు, వాటిలోంచి ఒక తాడు, పైనా కిందా చెక్కలు. బంక ఊసే లేదు. తాడు తీస్తే ఆకుకి ఆకు విడిగా వస్తుంది.

కాగితం పుస్తకానికి అలాంటి పద్ధతే జుజ్‌బందీ, అంటే కాగితాల్ని కొన్ని కొన్నిగా మడిచి మడతలోంచి కుట్టడం. గడియారం సెంటర్ దగ్గర ఒక ప్రెస్సులో పనిచేసి మానేసిన చాచా ఒకాయన నాకు నేర్పాడు. నాలుగు కాగితాలు కలిపి మధ్యకి మడిస్తే పదహారు పేజీలు, అది ఒక ఫారం. ఎనిమిది ఫారాలు కుడితే 128 పేజీల నోటుబుక్కు. సూది ప్రతి ఫారం మడతలోంచే వెళ్తుంది, మార్జిన్ జోలికి పోదు. అందుకే ఇలా కుట్టిన పుస్తకం బల్ల మీద పెడితే వెల్లకిలా పడుకుంటుంది.

మడత దగ్గరే అసలు తిరకాసు. కాగితానికి వాలు ఉంటుంది. మిల్లులో గుజ్జు జాలీ మీద పారేటప్పుడు నార ఎక్కువగా ఒకే వైపుకి సర్దుకుంటుంది. ఇదిగో, ఈ న్యూస్ పేపర్ని పై నుంచి కిందికి చింపుతున్నాను, గీత గీసినట్టు వచ్చింది. ఇప్పుడు అడ్డంగా... చూశారుగా, ఎటుపడితే అటు పోయింది. పుస్తకంలో ఈ వాలు వెన్నుకి సమాంతరంగా ఉండాలి. లేకపోతే మడత పెళుసుగా వస్తుంది, బంక తడి తగలగానే వెన్ను దగ్గర అలలు లేస్తాయి. బజారులో దొరికే ఏ4 కాగితానికి వాలు మామూలుగా పొడుగునా ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే మడత వాలుకి అడ్డం పడ్డట్టే. కాబట్టి రీము కొనేయకండి. కాగితాల దుకాణంలో డెమ్మీ షీట్లు, అంటే కోయని పెద్ద కాగితాలు అడిగి, వాలు చూసుకుని కోయించుకోండి.

ఇక కుట్టు. లావుపాటి పాత డిక్షనరీ ఒకటి మధ్యకి తెరిచి, ఆ పల్లంలో ఫారం పెట్టి, మడత మీద దబ్బనంతో బెజ్జాలు పెట్టుకోవాలి. రెండు చివర్లా ఒక్కొక్కటి, మధ్యలో నాడాలకి అటొకటి ఇటొకటి. నాడా అంటే పైజామాకి ఎక్కించే నూలు పట్టీయే, దాన్ని వెన్నుకి అడ్డంగా పెడతాం. దారానికి మైనం పట్టించాలి, చిక్కుపడదు, ముడి జారదు. అమ్రాబాద్ వైపు చెంచులు తేనె తీసేచోట మైనం కూడా అడిగి చూడొచ్చు. సూది చివరి బెజ్జంలోంచి లోపలికి వెళ్లి, నాడా పక్కన బయటికొచ్చి, నాడా మీదుగా దాటి మళ్లీ లోపలికి వెళ్తుంది. ఒక ఫారం అయ్యాక పైన రెండోది పెట్టి వెనక్కి కుట్టుకొస్తాం, మొదట వదిలిన దారం కొసతో ముడేస్తాం. మూడో ఫారం నుంచి ప్రతి చివరా సూదిని కింది రెండు ఫారాల మధ్య దూర్చి, ఉచ్చులోంచి పైకి లాగాలి. ముడులు గొలుసులా పైకి పేరుకుంటాయి. దారాన్ని ఎప్పుడూ మడత వెంబడే లాగాలి. నిటారుగా పైకి లాగారో, బెజ్జం సర్రున చిరుగుతుంది. చాచా ఒక్క మాటా అనేవాడు కాదు, నా మణికట్టు పట్టుకుని పక్కకి తిప్పేవాడు.

బంక విషయంలో నాకు కొంచెం మొండి పట్టుదల ఉంది. ఫెవికాల్ మంచిదే, తొందరగా పట్టుకుంటుంది. ఎండిన తర్వాత మాత్రం నీళ్లకి సులువుగా వదలదు. మైదా ఉడికించి చేసే లై అయితే తడిగుడ్డ కాసేపు వేస్తే మెత్తబడి వదులుతుంది. చిన్న కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్లు. చల్లటి నీళ్లలోనే ఉండల్లేకుండా కలిపి, సన్నటి మంట మీద కలుపుతూ ఉండాలి. తెల్లగా ఉన్నది కాస్త పారదర్శకంగా మారి గరిటెకి పట్టుకుంటే దించి, చల్లారాక వడగట్టాలి. పురుగు పట్టకుండా బైండర్లు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు, ఏ రోజుకారోజు చేసుకుని మిగిలింది పారేయండి. మన ఎండల్లో ఎలాగూ నిలవుండదు. అట్ట అతికించాక ఆత్రపడి ఫ్యాన్ కింద పెట్టొద్దు, ఒక పక్కే ముందు ఎండి అట్ట విల్లులా వంగుతుంది. రెండు చెక్కల మధ్య పెట్టి, పైన షాబాద్ బండ ముక్క ఎత్తి, రాత్రంతా వదిలేయండి.

అట్ట మీదికి గుడ్డ కోసం హైదరాబాదు పోనక్కర్లేదు. పోచంపల్లి, నారాయణపేట, గద్వాల... నేత బట్టకి మనకేం కొదువ? దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు చాలు. కాకపోతే నేరుగా లై పూస్తే నేతలోంచి ఊరి పైన మరకలు పడతాయి. ముందు గుడ్డ వెనక పల్చటి కాగితం అతికించి, ఆరాక వాడాలి.

ఒక జాగ్రత్త. ఇంట్లో తాతగారి భారతం ఉందని దానితో మొదలుపెట్టకండి. పాత కాగితం కొన్నిట్లో ఆమ్లం ఉంటుంది, పెళుసెక్కుతుంది. పనికిరాని పేజీ మూల ఒకటి ముందుకీ వెనక్కీ మడిచి చూడండి. రెండు మూడు మడతలకే విరిగితే ఆ పుస్తకం కుట్టుకి ఆగదు. కొలతకి సరిపోయే అట్టపెట్టె చేసి అందులో పెట్టండి, అదీ మంచి పనే. ముందు తెల్లకాగితాల నోటుబుక్కులు కుట్టండి, చెయ్యి కుదిరాక స్కూలు పుస్తకాలు, ఆ తర్వాతే తాతగారి దాకా రండి.

వెనక బల్ల మీద మడిచిన ఫారాలు, నాడా, మైనం పట్టిన దారం పెట్టాను. సూదులు పన్నెండే ఉన్నాయి, పిల్లలకి ముందు అవకాశం ఇద్దాం. పెద్దవాళ్లు కళ్లజోళ్లు తెచ్చుకుని ఉంటే పిల్లల పక్కనే కూర్చోండి, సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచే మొదలుపెడదాం.