గంప కింద గద్ద

వ్యాఖ్యాత: నమస్కారం. సంక్రాంతి గాలిపటాలు దిగిపోయాయి, దారాలు మాత్రం చెట్లకే ఉండిపోయాయి. గాయపడిన పక్షులకూ జంతువులకూ వైద్యం చేసే ఆశ్రయ కేంద్రం నుంచి డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి ఫోన్ వరంగల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా వేపచెట్టుకు గద్ద వేలాడుతుంటే మా పిల్లగాడు ఎక్కి దించిండు. రెక్కకు మాంజా చుట్టుకున్నది. కోళ్ల గంప కింద పెట్టినం. పసుపు రాసిన. పాలు పోద్దామంటే నోరు తెరుస్తలేదు.

డాక్టర్: తెరవకపోవడమే దాని అదృష్టం తల్లీ. పక్షికి పాలు అరగవు. పైగా నాలుక వెనకే ఊపిరి గొట్టం తెరుచుకుని ఉంటుంది. పాలైనా నీళ్లైనా మనం పోస్తే అటే పోవచ్చు. ఏమీ పెట్టకండి. పసుపు కూడా ఇక చాలు. గంప చుట్టూ ఎవరున్నారు?

కాలర్: పిల్లలంతా కూసొని చూస్తున్నరు సార్. ఉక్కపోస్తదని ఫ్యాన్ పెట్టినం.

డాక్టర్: ముందు ఆ ఫ్యాన్ ఆపండి, పిల్లల్ని బయటికి పంపండి. మనం కాపాడుతున్నామని దానికేం తెలుసు? పట్టుకుని తినబోతున్నామనే అనుకుంటుంది. ఆ భయానికే చచ్చిపోయే పక్షులున్నాయి. అట్టపెట్టెకు నాలుగు చిల్లులు పొడిచి, అడుగున పాత గుడ్డ వెయ్యండి. గద్ద తల మీద తువ్వాలు కప్పి ఎత్తండి. ముక్కుకన్నా కాలిగోళ్లతో జాగ్రత్త. మూతేసి చీకటి గదిలో పెట్టండి. దారం తీశారా?

కాలర్: సగం గుంజినం. మిగిలింది లోపటికి దిగింది.

డాక్టర్: ఇక గుంజొద్దు. బయట వేలాడేది కత్తెరతో కత్తిరించి, లోపలిది అలాగే ఉంచండి. రెక్క ముందంచున భుజం నుంచి మణికట్టు దాకా పలచటి తోలు ఉంటుంది, దాని అంచునే రెక్కను బిగించి ఉంచే తాడులాంటి నరం. తోలు చీలితే కుట్టేస్తాం. ఆ నరం తెగితే మాత్రం చాలాసార్లు మా చేతుల్లో ఉండదు. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. పండగయ్యాక మేం రెక్కల్లోంచి తీసేది ఇంకా అదే. ఈ పూటే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి, లేదా దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

కాలర్: బతుకుతదా సార్?

డాక్టర్: చూడకుండా చెప్పలేనమ్మా. కుట్లు మానినా వెంటనే వదలం. పెద్ద పంజరంలో ఈ కొస నుంచి ఆ కొసకు ఎగరనిస్తాం. రెండుసార్లు ఎగిరి నోరు తెరిచి రొప్పితే ఇంకా టైముందని అర్థం. వదిలేది కూడా మీ వాడకట్టులోనే, దాని తిండీ తోటి గద్దలూ అక్కడే ఉన్నాయి కాబట్టి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి ఇంకొకరు.

కాలర్: నా పేరు అడక్కండి సార్. మా ఇంట్లో రామచిలుక ఉంది, నాలుగేళ్లయింది. రెక్కలు కత్తిరించాం. తప్పని ఇప్పుడు తెలిసింది. రేపు పొలంలో వదిలేద్దామనుకుంటున్నా.

డాక్టర్: వదలకండి బాబూ. సాయంత్రానికి పిల్లికో కాకులకో దొరుకుతుంది. కత్తిరించిన ఈక పెరగదు, అది రాలి కొత్తది మొలవాలి. ఒక్కోసారి ఏడాది పడుతుంది.

కాలర్: మీకిస్తే కేసు పెడతారా?

డాక్టర్: 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం చిలుకను పెంచడం నేరమే, కాదని నేననను. కానీ తీసుకొచ్చిన వాళ్లను మా దగ్గర మొదట అడిగేది, అది ఏం తింటోందని. ఏం పెడుతున్నారు?

కాలర్: పెరుగన్నం. మిరపకాయ. టీలో ముంచిన బిస్కెట్టు...

డాక్టర్: (నవ్వు) బిస్కెట్టు ఈ రోజే ఆపండి. జామకాయ, నానబెట్టిన శనగలు అలవాటు చెయ్యండి. మాట్లాడుతుందా?

కాలర్: బెల్లు మోగితే "ఎవరూ?" అంటుంది సార్.

డాక్టర్: అలాంటిదాన్ని ముందు తోటి చిలుకల మధ్య ఉంచాలి. మనిషి చెయ్యి కనబడగానే దిగొచ్చేవి కొన్ని ఉంటాయి, వాటిని బయటికి వదలం. బతికినన్నాళ్లూ మా దగ్గరే.

వ్యాఖ్యాత: వరంగల్ అమ్మ మళ్లీ లైన్లోకొచ్చారు.

కాలర్: సార్, పెట్టెల పెట్టినం. చప్పుడు చేస్తలేదు. మూత తీసి చూడాల్నా?

డాక్టర్: తీయకండి. ఆటో ఎక్కండి.